బద్లీ మనిషి

నేను కాపురానికి పరాయి రాష్ట్రంలోని ఉధ్నాకు వచ్చినప్పుడు మా ఆయన నరహరి సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. చెయ్యి నలిగినవాణ్ణి దవాఖానకు తీసుకుపోవడం, పనిలోంచి తీసేసినవాడి తరఫున సేటుతో మాట్లాడటం, అలా అలా కార్మిక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఈ ఏడు ఒక పార్టీవాళ్ళు కార్పొరేటర్ టికెట్ ఇచ్చారు. గెలుస్తానని ఆయనకు గట్టి నమ్మకం. నాకూ నమ్మకమే. మార్కండేయస్వామికి దీపం పెట్టినప్పుడల్లా మొక్కుకుంటూనే ఉన్నాను.

కానీ రెండు కుర్చీలూ ఒక్కరికెందుకు? ఇంట్లో అదే అడిగాను. ఆయన నవ్వి, సంఘంలో నా తమ్ముడు పరుశురాంను బద్లీ పెడతానన్నాడు. సాంచాల దగ్గర అది మామూలే. ఊరికి పోయేవాడు తన సాంచాల మీద ఇంకొకణ్ణి నిలబెట్టి పోతాడు. అసలు మనిషి రాగానే బద్లీ పక్కకు జరగాలి.

ఆదివారం లింబాయత్ పేటలో జరిగిన సంఘం మీటింగుకు నేనూ వెళ్ళాను. ఆయన అక్కడ ఆ మాటే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ళుగా సంఘంలో ఉన్న కొమురవ్వ మాత్రం కొట్టలేదు.

"జర ఆగు కొడుకా. బద్లీ అంటె నువ్వు మల్లొస్తవన్నట్టు. ఎన్నడొస్తవ్?"

"గెలిస్తె ఐదేండ్లు, అవ్వా. ఓడితె తెల్లారే వస్త."

"గిట్లయితె నువ్వు ఎలచ్చన్లకు పోతున్నవా, సుట్టీకి పోతున్నవా?"

జనం నవ్వారు. పరుశురాం కూడా నవ్వబోయి తల దించుకున్నాడు. బద్లీ మనిషి నోరెత్తితే సేటు లెక్కచేస్తాడా, అసలువాణ్ణి రమ్మంటాడు గదా అని కొమురవ్వ నెమ్మదిగా అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. సంఘం వదిలేసి ఓడిపోతే ఇరవై ఏళ్ళ పేరు పోతుంది, మళ్ళీ సాంచాల మీదికే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను తల ఊపాను.

"బద్లీ లేదు," అన్నాడు. "సంఘం ఇడుస్తున్న. మీకు నచ్చినోన్ని పెట్టుకోండ్రి. ఓడితె ఏమాయె, సాంచా నడుపుడు మర్వలేదు."

ఇంకిద్దరి పేర్లు వచ్చాయి. చివరికి ఎక్కువ చేతులు పరుశురాంకే లేచాయి. కొమురవ్వ చెయ్యి కూడా.

మా తమ్ముడు ముందుకొచ్చి మైకు తీసుకున్నాడు.

"బావా, నువ్వు గెలువు. మా మొదటి ధర్నా నీ ఆఫీసు ముందటనే."

అందరికంటే గట్టిగా మా ఆయనే చప్పట్లు కొట్టాడు.