సోనీ కడుపులో ఉన్నప్పుడు

అమల పాల క్యాన్లు తోముతుండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. సోనీ మళ్లీ పక్కపిల్ల చెయ్యి కొరికిందట. రెండో తరగతి చదువుతున్నా నిమిషం కుదురుగా కూర్చోదు, చిన్న చప్పుడుకే కెవ్వుమంటుంది. పిల్లల డాక్టరుకు చూపిస్తే తప్ప బడికి పంపొద్దని టీచరమ్మ తెగేసి చెప్పింది.

ఇల్లున్న ఛత్రినాక నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నంతసేపూ భర్త బాలనర్సింహ గొణుగుతూనే ఉన్నాడు. "ఇంట్ల ఉండి ఒక్క పోరిని సక్కగ పెంచరాదా నీకు?"

డాక్టరమ్మ సోనీని కాసేపు ఆడించి, అమల వైపు తిరిగింది. "ఈ పాప కడుపులో ఉన్నప్పుడు మందుగానీ, కల్లుగానీ తాగేవారా?"

"తాగింది మేడం, రోజు తాగింది," అన్నాడు బాలనర్సింహ, అమల నోరు విప్పేలోపే.

అబద్ధమేమీ కాదు. అత్త రుక్మాబాయి రోజూ సాయంత్రం గ్లాసు నింపి చేతికిచ్చేది. "కల్లు చలువ బిడ్డా, తాగు. మేమంత తాగి కనలేదా?" అనేది. మొదట్లో ఆ వాసనే పడేది కాదు. పోనుపోను తనే ఆ గ్లాసు కోసం ఎదురుచూసింది. తాగితే పొద్దంతా క్యాన్లు మోసిన నడుము నొప్పి తెలిసేది కాదు. ఆయన తలుపు తన్నుకుంటూ వచ్చినా గుండె అంతగా అదిరేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన పళ్లెం గోడకు విసిరిన రోజు, కడుపులో బిడ్డ ఒక్కసారి ఎగిరిపడి, ఆ తర్వాత చాలాసేపు కదల్లేదు. బర్రెల కొట్టంలో కూర్చుని, కదలమ్మా కదలమ్మా అని పొట్ట నిమురుకుంది. మరి బిడ్డకు తగిలింది కల్లా? భయమా? భయానికి ఓర్చుకోలేక తాగిన కల్లా? పోసింది అత్త, తాగింది తను, తాగితే తప్ప నిద్రపట్టకుండా చేసింది ఆయన. చిక్కుపడ్డ దారంలా ఏ కొస లాగినా ముడే. ఆఖరికి అన్ని ముడులూ తన మెడకే బిగుస్తున్నాయి.

"ఆ రోజుల్లో ఇంట్లో గొడవలు, భయాలు ఏమైనా ఉండేవా?" డాక్టరమ్మ అడిగింది.

"లొల్లేం లేదు మేడం. బయట తిరిగేటోణ్ణి నేను. ఇంట్ల కూసునేదానికి ఏం ఫికరుంటది?" నవ్వాడు బాలనర్సింహ. అంతలో బల్ల మీది కాగితాలు లాగబోయిన సోనీని "ఏయ్!" అని గద్దించాడు.

సోనీ గబుక్కున అమల కుర్చీ కిందికి దూరి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది.

అమల వంగి పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"కల్లు తాగిన మాట నిజమే మేడం. దేనివల్ల గిట్లయిందో నాకైతే సమజైతలేదు."

"ఒక్కటే కారణమని నేనూ చెప్పలేనమ్మా. కల్లూ భయమూ, రెండూ బిడ్డ మీద పడతాయి. అంతా తెలిస్తేనే పాపకు ఏం చేయాలో చూడగలం."

"గట్లయితే ఈయనను బయట కూసోమనుండ్రి."

"ఏందే?" అంటూ లేచాడు బాలనర్సింహ. డాక్టరమ్మ తలుపు వైపు చెయ్యి చూపింది.

తలుపు మూసుకున్నాక అమల తలెత్తింది.

"గా ఇంట్ల లొల్లి మాట మళ్ల అడుగుండ్రి మేడం. గీసారి నన్నడుగుండ్రి."