ఫోర్కుకి రెండోసారి రంగు

మీరే చేశారు ఇదంతా, తుప్పు మీద రంగు కొట్టి అమ్మే పాత సైకిళ్ళ షాపు పెద్దమనుషులారా, గరుకు కాగితం ముట్టుకోని బద్ధకం మీది, పడింది మాత్రం మా అక్క, అద్దంలా నిగనిగలాడుతుంటే మురిసిపోయి కొనుక్కుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఆ నిగనిగ కిందే పుచ్చిపోయి నడిరోడ్డు మీద పుటుక్కుమంది, చీలమండ అతుక్కుంది గానీ సైకిలంటే వణుకు పోలేదు, ఇంటింటికీ వెళ్ళి కట్లు మార్చే నర్సు, తిరగలేకపోతే మందుల కిటికీ దగ్గర కూర్చోమన్నారు పైవాళ్ళు, కూర్చుంటే ఇక మా అక్క మా అక్కలా ఉండదు, మంచం పట్టిన ముసలమ్మల ముచ్చట్లన్నీ మోసుకొచ్చి అన్నం దగ్గర నవ్వించే మనిషి ఊచల వెనక మాత్రలు లెక్కపెట్టుకుంటూ, ఛ, మీ సంగతి తర్వాత, ఇప్పుడు నా చెయ్యి ఆగకూడదు, ఆగితే రంగు అక్కడే ముద్ద కడుతుంది.

ఇది వేరే ఫోర్కు, పాతదే, వెల్డరు తట్టి చూసి గట్టిదన్నాడు, అక్క నమ్మలేదు, మెరిసేది ఏదీ నాకొద్దు అంది, పెరట్లో బట్టల తీగకి వేలాడుతోంది, దుమ్ము లేవకుండా కింద నీళ్ళు చల్లాను, స్ప్రే డబ్బా గోరువెచ్చని నీళ్ళలో ఉంచి గడగడా ఊపాను, జానెడు దూరం, డబ్బా ఇనుము మీదికి రాకముందే మీట నొక్కాలి, ఇనుము దాటాకే వదలాలి, పల్చగా, ఇంకా పల్చగా, అడుగు రంగు కనబడుతున్నా సరే ఆగాలి, ఆరనివ్వాలి, మళ్ళీ వెయ్యాలి, ఈ బుద్ధి మొదటిసారి ఏమైందో, యూనియన్లో మైకు పట్టుకునేదాన్ని, ఒక్క దెబ్బకి తేలిపోవాలనుకునే రకాన్ని, సమ్మె అయినా రంగయినా, దగ్గరగా పెట్టి కసిగా కొట్టాను, మెరిసింది, మెరిసి మెరిసి చంటిపిల్లాడి ముక్కులా కారింది, బావ వంటింటి కిటికీలోంచి గరిటె ఊపుతూ, మరదలా, అది మైకు కాదు, ఎంత గట్టిగా నొక్కితే అంత వినబడుతుందనుకోకు అన్నాడు, నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, ఆ ధారల మీదే ఇంకో పూత కొట్టి కప్పేద్దామని డబ్బా ఎత్తాను, అక్క చేతికర్ర పక్కన పడేసి లేచొచ్చింది, ఆగవే, పైన పూస్తే కిందది పోతుందా, నువ్వూ ఆ షాపువాడి బాపతే అంది, చెంప పగిలినట్టయింది, డబ్బా దించేశాను, రంగు ఆరాక అక్కే ఫోర్కు లాక్కుంది, గరుకు కాగితం పట్టుకుని గడప మీద కూర్చుంది, రుద్దింది, రుద్దింది, ధారలు పోయాయి, రంగు పోయింది, అడుగు రంగూ పోయింది, చాల్లే అంటే వినదే, పుండు కడిగే వేళ్ళవి, మధ్యలో ఆగడం తెలీదు, తెల్లటి ఇనుము బయటపడ్డాక బొటనవేలితో మూలమూలా తడిమింది, వంపు దగ్గర గోరు పెట్టి గీరింది, ఇంకోసారి గీరింది, లేచి చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళింది.

మళ్ళీ అడుగు రంగు, మళ్ళీ పల్చటి పూతలు, మధ్యలో నారింజ తొక్కలా గరుకు తేలినచోట సన్న కాగితం సబ్బునీళ్ళలో ముంచి నిమరడం, తుడవడం, ఇదిగో ఆఖరి పూత, తడి మెరుపు ఈ కొస నుంచి ఆ కొసకి సాగిపోతోంది, ఒక్క చుక్క జారలేదు, ఎంత హాయిగా ఉందో, ఎవరినీ తిట్టకుండా ఇంతసేపు నేనెప్పుడున్నాను, వెనక గడప మీంచి అక్క, ఎప్పుడారుతుందే, ఆరగానే బిగించెయ్, డ్యూటీకి దీని మీదే పోతా అంటోంది, కూరలో ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా, నేను తిరిగి చూడను, చూస్తే చెయ్యి ఆగుతుంది, కళ్ళు చెమర్చాయని బావకి తెలిస్తే వారం రోజులు ఏడిపిస్తాడు, నా మెరుపు చూసే ఆ మాట అందనుకుని పొంగిపోయాను కాసేపు, కాదు, దీని వంక అక్క సరిగ్గా చూడను కూడా లేదు, దీని కింద ఏముందో ఆమె వేళ్ళకి తెలుసు, వణుకు ఆ గడప మీదే రాలిపోయింది, నా పూతలన్నీ తర్వాతి సంబరమే, అంతే కదా, అంతే, వినండి షాపుల వాళ్ళూ, డబ్బా కింద పెట్టండి, ఎక్కబోయే మనిషిని ముందు పిలవండి, వట్టి ఇనుము చేతికివ్వండి, ఆమె తడిమి చూసి సరే అన్నాకే మూత తియ్యండి.