కదిరప్ప వంతు నీళ్లు

కదిరప్పను మట్టిచేసిన రోజు నీళ్ల వంతు ఆయనదే.

ఎనిమిది కుటుంబాలకు కలిపి రెండు బోర్లు. రెండువేల రెండు నాటి కరువులో, కళ్యాణదుర్గం చుట్టుపక్కల బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతుంటే, ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ ఒక మాట అనుకున్నారు. కొత్త బోరు ఎవరూ వేయరాదు. వరి నాటరాదు. ఉన్న నీళ్లు వంతులవారీగా పారించుకోవాలి. పడిన వాన పడినచోటే ఇంకేలా, వాలు మీద అందరి చేలకూ అడ్డంగా ఒకే రాతికట్ట కట్టాలి. ఆ కట్టకు రాళ్లు మోస్తూనే కదిరప్ప ముందురోజు వడదెబ్బకు కూలిపోయాడు, తెల్లారి చనిపోయాడు.

సమాధి దగ్గర అందరూ ఉన్నారు. చేలల్లో ఒక్కరూ లేరు. చీనీ, అంటే బత్తాయి, తోట కోసం ఏడాదిగా ఆ నీళ్ల మీద కన్నేసిన భూస్వామి శ్రీరంగప్పకు ఆ సంగతి తెలుసు. చివరి పిడికెడు మన్ను పడకముందే బోరులారీ మోత వినిపించింది. వాళ్ల బోర్లకు నూరడుగుల దూరంలో, తన గట్టు అంచున లారీని నిలిపించి రాడ్డు దించుతున్నాడు.

మట్టి చేసి తిరిగొచ్చాక, కదిరప్ప ఇంటి ముందు, ఆ ఎనిమిది ఇళ్లవాళ్లలో ఒకడైన నల్లప్ప అరిచాడు. "చూస్తిరి కదా! ఆయప్ప ఆరునూరడుగులు దించితే మన బోర్లలో వచ్చేది గాలే. నేనూ రేపే ఏస్తా. మాటంట, మాట! ఎవురికి కావాల?"

"దినాలు అయిపోనీ నల్లప్పా, ఆఫీసులో అర్జీ ఇస్తాం" అన్నాడు ఇంకో వంతుదారు జయరాం.

గోడవార కూర్చున్న సుంకమ్మ లేచింది. కదిరప్ప భార్య. పదకొండో దినం దాకా గడప దాటకూడని మనిషి.

"దినాలు అయ్యేదంకా ఆ మిషను ఆగుతాదా జయరాం?"

"యాడికి పోతాండావు వదినా? ఊరేమనుకుంటాది?"

"ఈ పొద్దు ఆయన వంతు. నీళ్లు కట్టేకి పోతాండా."

వెనకే పక్కింటి తిమ్మమ్మ నడిచింది. తర్వాత తక్కిన ఆడవాళ్లు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కదిలారు. నల్లప్ప అందరికన్నా చివర.

రాడ్డు దిగుతున్న చోటికి బారెడు దూరంలో, తెల్లటి దుమ్ములో సుంకమ్మ కూర్చుంది.

"ఏమమ్మా, నా పొలంలో నేను ఏసుకుంటే నీకేం నొప్పి? మైలతో వచ్చి కూచుంటివే!" అన్నాడు శ్రీరంగప్ప.

"పొలం నీదే అన్నా. కింద నీళ్లు మేం ఇంకించినవి. మనిషి మట్టిలోకి పోయేదంకన్నా ఆగలేకపోతివే."

లారీ డ్రైవరు తమిళాయన. ఏమీ అర్థంకాక చూస్తుంటే, తిమ్మమ్మ సమాధుల వైపు చెయ్యి చూపింది. "ఈమె మొగుడు. పొద్దున పోయినాడు." ఆయన ఇంజన్ ఆపి కిందికి దిగాడు. శ్రీరంగప్ప ఎంత తిట్టినా మళ్లీ ఎక్కలేదు.

పొద్దు వాలేసరికి పోలీసు జీపు వచ్చింది.

"పనికి అడ్డం పడినోళ్లు ఎవరు?"

"నేనే సార్" అంటూ ముందుకు వచ్చాడు నల్లప్ప. ఆ తర్వాత జయరాం. ఆ తర్వాత అందరూ. జీపులో పట్టింది ఆరుగురే.

ఎక్కుతూ సుంకమ్మ వెనక్కి తిరిగింది. "తిమ్మక్కా, ఆయన వంతు ఇంకా అయిపోలేదు. మడవ తిప్పి మా చేనికి నీళ్లు కట్టు."

జీపు కనుమరుగయ్యేసరికి కదిరప్ప వేరుశనగ చేనులో నీళ్లు పారుతున్నాయి.

అది జరిగి రెండు వానాకాలాలు గడిచాయి. పనికి అడ్డం పడినారని వాళ్ల మీద పెట్టిన కేసు నడుస్తూనే ఉంది. కొత్త బోరు మాత్రం ఎవరూ వేయలేదు, నల్లప్ప కూడా. నూట ఎనభై అడుగుల దగ్గర ఆగిన శ్రీరంగప్ప బోరును మూయించమని ఏ ఆఫీసూ కాగితం ఇవ్వలేదు. వాయిదాలకు పోయిన రోజుల్లో కట్ట పని ఆగిపోతోంది. కదిరప్ప పడిపోయిన చోటి నుంచి వాన నీళ్లు పారే వంక దాకా ఇంకా నలభై బారలు కట్టాలి.