కొండమీద సగం గుండు

మా ఆరుష్‌కి ఏడాదిన్నర దాటినా అడుగు పడలేదు. డాక్టరు కంగారు వద్దన్నాడు, నాకు నిద్ర పడితేగా. మాది బెజవాడ. హిందువులమే అయినా గుణదల మేరీమాతకు మొక్కడం మా ఇంటి అలవాటు. వీడు నడిస్తే పుట్టువెంట్రుకలు అమ్మకే ఇస్తానని అమెరికాలో మేముండే కాపెల్ ఊళ్లో, మా వంటింట్లో నిలబడి మొక్కుకున్నాను. వారం తిరక్కుండా పరుగే మొదలుపెట్టాడు. మొక్కు తీర్చకపోతే ఆ కాళ్లు మళ్లీ ఆగిపోతాయేమోనని కొత్త భయం.

వీసా గొడవల వల్ల ఇండియా వెళ్లలేం. అందుకని మా ఆయన నీరజ్ పొద్దున్నే బయల్దేరదీసి, ఇక్కడే ఓ కొండమీది మేరీమాత గుడికి తీసుకొచ్చారు.

చిన్న రాతిగుడి. లోపల గోడనిండా ఊతకర్రలు, పసిపిల్లల బూట్లు. విషజ్వరం తమ పిల్లల్ని వదిలితే గుడి కడతామని, ఎప్పుడో ఇక్కడికి వలసొచ్చిన జర్మన్ రైతులు మొక్కారట. ఆడవాళ్లు రాళ్లు ఒడిలో మోసుకుని కొండెక్కారట. మనవాళ్లే అనిపించింది.

గుడిచుట్టూ తిరిగొచ్చి అడిగాను.

"కల్యాణకట్ట ఎక్కడండీ?"

"టెక్సాస్‌లో కల్యాణకట్టా? ముందే ఫోన్ చేసి కనుక్కోవద్దూ?"

"నన్నంటే ఇంటర్‌లో ఆపేశారు. బీటెక్ చదివిన మీరు కనుక్కోవచ్చుగా."

గుడి చూసుకునే ముసలావిడ హిల్డాకు ఆయన నవ్వాపుకుంటూ సంగతి చెప్పారు. ఆవిడ గబగబా వెళ్లి, తన కుక్కకు జుట్టు తీసే మెషీన్ తెచ్చింది.

"బ్లేడ్ కొత్తదేనట" అన్నారాయన.

గుడి మెట్టుమీద సగం తల నున్నగా అయ్యేసరికి ఆరుష్ ఒక్క తన్ను తన్నాడు. మెషీన్ రాళ్లమీద పడి మూగబోయింది. వాడు పరుగో పరుగు.

"సగం మొక్కండీ. వీడి కాళ్లు?" నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

హిల్డా నా చెయ్యి పట్టుకుని గుడి ముందుకు లాక్కెళ్లి పైకి చూపించింది. కుడివైపు గంటతో గోపురం, ఎడమవైపు మొండిగోడ.

"రెండు గోపురాలు మొక్కారట. ఒకటి కట్టేసరికి ఓపిక అయిపోయిందట" అన్నారాయన.

"మళ్లీ జ్వరం రాలేదా? అడగండి."

"ఆ పిల్లల్లో ఒకరి మనవరాలేనట ఈవిడ. ఎనభై దాటాయట. రోజూ నడిచే కొండెక్కుతుందట."

నాకు నవ్వు ఆగలేదు. హిల్డాకూ ఆగలేదు. తీసినంత జుట్టు అమ్మ పాదాల దగ్గర పెట్టి దండం పెట్టుకున్నాను.

"రేపు డేకేర్‌కి వీణ్ణి ఇలాగే పంపుతావా?" అన్నారాయన.

"గోపురాన్ని అలాగే ఉంచారుగా" అన్నాను, సగం గుండు వెనకాల పరిగెడుతూ.