టైం డబ్బాలు

కట్టెల మోపు వెనక పెట్టి ఉంటే సరిపోయేదేమో, కాదు, కట్టెలనే ముందు లాగుతారు, మొన్న స్టేషన్ అవతల ఏదో పేలిన దగ్గరనుంచి పోలీసులు కోళ్లగూళ్లు కూడా వదలడం లేదు, ఇప్పుడు పక్కింట్లో ఉన్నారు, సోమక్క గిన్నెలు దొర్లుతున్న చప్పుడు, నడుమ ఒక్కటే గోడ, గోడకు ఇవతల వడ్ల గుమ్మి, గుమ్మి కింద గుంతలో రైల్వే ఆఫీసరు కిషన్ రావు సాబ్ దాచమని ఇచ్చిన ఆరు డబ్బాలు, మొగిలయ్య గుమ్మికి వీపు ఆనించి నిలబడ్డాడు, ఉన్నది పైపు పొగాకే కదా, పొగాకు దాచుకుంటే ఎవడన్నా పట్టుకపోతాడా, మరి పొగాకును పాతిపెట్టుడేందిరా అంటే ఏం చెప్పాలి.

సల్లగుండాలె, ఎండ తగలొద్దు, గాలి సొరబడొద్దు, అన్నాడు సాబ్ డెబ్బై ఏడులో, కాజీపేట రైల్వే బంగళా వరండాలో, బదిలీ సామాను లారీకెక్కుతుంటే, మామిడికాయ గడ్డిల పండినట్టు ఇది డబ్బాల పండుతది మొగిలీ, పదేండ్లు టైం ఇయ్యాలె, నేనే వచ్చి తీస్కపోత, అప్పుడు నీ పర్మనెంటు సంగతి సూస్త, మొగిలయ్యకు మూడో తరగతిలో బడి మానేసినా అంకెలు వచ్చు, మూతల మీద సాబ్ మేకుతో గీసిన 87 చదవగలడు, తొమ్మిదేళ్లు బంగళా ఊడ్చినవాడికి నౌకరీ ఇయ్యక డబ్బాలిచ్చి పోయిండు, ఆ కసితో పళ్లు కొరుకుతూనే ఏటా దసరాకు, మొన్నటి దసరాకు కూడా, తవ్వి తీసి తుప్పు పట్టకుండా నువ్వుల నూనె రాశాడు, కత్తీ గొడ్డలీ పక్కన పెట్టి బొట్లు పెట్టాడు, అయ్యో, ఎర్రబొట్లు, నూనె, గీసిన అంకెలు, చూసినవాడు ఏమనుకుంటాడు, పైగా పోయిన ఎండాకాలం ఒకదాని మూత ఉబ్బింది.

బూట్లు లోపలికే వచ్చాయి, ముగ్గురు, ఎస్సై లాఠీతో గుమ్మిని నెట్టాడు, కొత్తమట్టి లెక్కున్నదేందే ఈడ, ఏం పెట్టిండ్రు, అని సమ్మమ్మను అడిగాడు, నోరు ముయ్యవే, నోరు ముయ్యి, అని మొగిలయ్య కళ్లతోనే భార్యను బతిమిలాడాడు, ఆమె చూస్తేగా, గవా సారూ, గవి టైం డబ్బాలు, మా ఆయన నాకన్న వాటినే మంచిగ సూసుకుంటడు, అంది, ఎప్పటినుంచో ఇంట్లో వాటి పేరదే, లాఠీ గాలిలో ఆగింది, ఒక జవాను గడప దాటి దూకాడు, రెండోవాడి తుపాకి మొగిలయ్య రొమ్ముకు తిరిగింది, కాదు సారూ, పొగాకు సారూ, టైం అంటే గా బాంబు టైం కాదు, అంటుంటే తన మాట తనకే దొంగమాటలా వినిపించింది, అయితే నువ్వే తియ్యిరా బద్మాష్, మేం బయట నిలవడి సూస్తం, అన్నాడు ఎస్సై.

మట్టి తీస్తే ముందు చేతికి ఆ ఉబ్బిన డబ్బానే రావాలా, ఎనిమిదేళ్లలో ఒక్కనాడు లోపల చూసింది లేదు, సాబ్ మాటే తప్ప సాక్ష్యమేది, పొగాకు అయితే ఎందుకు ఉబ్బింది, సాబ్ బంగళాలో నాలుగాణాల బిళ్లతో మూత లేపేవాడు, అలాంటి బిళ్ల కోసమే జేబులో వెతుకుతుంటే వేళ్లు తనవి కానట్టున్నాయి, గడప అవతల సమ్మమ్మ ఏడుస్తోంది, సమ్మక్క తల్లీ, నిలువెత్తు బంగారమిస్తనే, నా తూకం బెల్లమిస్తనే, బిళ్ల మూత కింద దూరింది, బుస్సుమంది, అందరూ వంగారు, బెల్లం పాకం, ఎండు రేగుపళ్లు, తడిసిన కట్టె, ఇల్లంతా సాబ్ వరండా వాసన.

థూ, నిజంగ పొగాకేరా, అని ఎస్సై పగలబడి నవ్వాడు, చిటికెడు తీసి వాసన చూశాడు, మంచిగున్నదే, తక్కినవి గూడ జీపుల వెయ్యుండ్రి, అన్నాడు, తుపాకి ఇంకా దించలేదు, అయినా మొగిలయ్య పోయి ఆ డబ్బాల మీద పడ్డాడు, వద్దు సారూ, ఇంకా రెండేండ్ల టైమున్నది, సాబ్ కోపం జేస్తడు, అని అరిచాడు, అరిచాక తన గొంతు తాను విన్నాడు, జవాన్లు నవ్వుతున్నారు, సమ్మమ్మ కూడా ఏడుపులోనే నవ్వుతోంది, తానొక్కడే నవ్వలేకపోయాడు, ఇందాక బిళ్ల దూర్చినప్పుడు వేళ్లు వణికింది చెయ్యి తెగిపోతుందని కాదు, ఎనిమిదేళ్లలో ఒక్క కార్డు ముక్క రాయని సాబ్‌కు, మూత తీసినట్టు తెలిసిపోతుందని.