రెండుసార్లు చెప్పిన మాట

సెవెరోకి భార్య మీద ఉన్న కోపాలన్నీ చిన్నవే, కాకపోతే రోజూ ఉండేవి. అతిరా ఊళ్ళో తోలుపనివాళ్ళ వీధిలో అతని ఇల్లు. ముందు గదే కొట్టు. థర్మోస్ సీసాలకి తోలు తొడుగులు కుట్టి, అడిగినవాళ్ళకి వాటి మీద పేరో, ఫుట్‌బాల్ జట్టు గుర్తో అచ్చువేసి ఇస్తాడు. చేతులకి పనుంటుంది కానీ నోటికి ఉండదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఎదురింటి పోలీ, వీధి మలుపులో చెప్పుల కొట్టు పెట్టుకున్న క్రిస్పీన్ కుర్చీలు లాక్కుని వచ్చేస్తారు. ఆకు మీద ఐసునీళ్ళు పోసి తాగే తెరెరే కొమ్ముగ్లాసు చేతులు మారుతూ ఉంటే సెవెరో లోకం మీద తీర్పులు చెబుతుంటాడు. కొత్త ఫాదరు ప్రసంగం మరీ పొడుగట. చిన్న కుక్కల్ని పెంచేవాళ్ళని నమ్మకూడదట. మున్సిపాలిటీ వాళ్ళు బెంచీలకి వేయించిన ఆకుపచ్చ రంగు చూస్తే అతనికి కడుపులో తిప్పుతుందట. ఈ మాటలేవీ మర్నాటికి అతనికే గుర్తుండవు.

అన్నీ అయ్యాక వరస భార్య దగ్గరికి వచ్చేది. ఎలోదియా పిలిస్తే పలకదు. ఉప్పు ఎక్కడుందని అడిగితే మిర్తా ఫోన్ చేసిందని చెబుతుంది. మిర్తా అంటే వాళ్ళమ్మాయి, పెళ్ళయి రాజధానిలో ఉంటుంది. చర్చికి నడిచి వెళ్తుంటే సగం దారిలో చుట్టూ తిరిగి వచ్చి మరీ అతనికి ఎడమవైపు చేరుతుంది, అక్కడ ఎండ మండిపోతున్నా సరే. మంచం మీద కిటికీ పక్క చోటు ముప్ఫై ఏళ్ళుగా అతనిది. ఒకరోజు దుప్పటి పట్టుకొచ్చి దాన్ని ఆక్రమించేసింది. ఆ గాలి పోయినందుకు సెవెరో ఏడాదిపాటు సణిగాడు. యాభై దాటిన ఆడవాళ్ళు మొగుడి మాట ఓ చెవిన కూడా వేసుకోరని, అది వాళ్ళ రక్తంలోనే ఉందని అతను తేల్చేశాడు. అలా అన్నప్పుడల్లా క్రిస్పీన్ వీధిలోకి చూసేవాడు. పోలీ గట్టిగా శబ్దం చేస్తూ తెరెరే పీల్చేవాడు. ఇద్దరూ తనతో ఏకీభవిస్తున్నారనే సెవెరో అనుకునేవాడు.

ఆ సోమవారం తోలుకి బెజ్జం వేస్తూ ఆరె బొటనవేలిలో దించుకున్నాడు. నెత్తురు ఆగలేదు. ఎలోదియా ఒక గుడ్డ చుట్టి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. నిల్దా అనే నర్సు గాయం కడిగి, కట్టు కట్టి, సూది వేసింది. కట్టు తడవకుండా ఎలా చూసుకోవాలో ఎలోదియాకే చెప్పింది, అతనికి చెప్పి లాభం లేదని ఆమెకి తెలుసు. సెవెరో ఎలోదియాకి ఎడమవైపు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంచీలోంచి నీళ్ళసీసా ఇమ్మని అడిగాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ అడిగాడు. ఆమె నిల్దా మొహంలోకే చూస్తూ తల ఊపుతోంది. తర్వాత మాత్రలు తీసుకోవడానికి అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

"చూశావా అమ్మాయ్, నేనంటే ఆ గోడతో సమానం" అన్నాడు సెవెరో.

నిల్దా కత్తెర సర్దుకుంటూ మామూలుగానే చెప్పింది. "మీరు ఆ పక్కన కూర్చుంటే ఆవిడకెలా వినిపిస్తుంది, సెవెరోగారూ? కుడివైపు కూర్చోవాలి."

"ఏ వైపైతే ఏమిటి?"

అతను వేళాకోళం ఆడుతున్నాడనుకుని నిల్దా కాస్త నవ్వింది. అతని మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఎడమ చెవి పోయి ఆరేళ్ళయింది కదండీ" అంది.

సెవెరోకి ముందు ఆ మాట అర్థమే కాలేదు. వేరే ఎవరి గురించో చెబుతోందనుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ భార్యని చూశాడు. మందులిచ్చే కుర్రాడు ఏదో చెబుతుంటే ఆమె తల కొద్దిగా తిప్పి కుడి చెవి అటు పెట్టింది. ఆమె అలా తల వంచడం అతను రోజూ చూసేదే, దానికో పేరు కూడా పెట్టాడు, రాణీగారి పోజు అని. వేలిలో సలపరం ఒక్కసారిగా తెలియకుండా పోయింది. మంచి చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. సూది పడక కళ్ళు తిరుగుతున్నాయేమోనని నిల్దా అతని భుజం పట్టుకుంది.

ఇద్దరూ తిరుగు దారి పట్టారు. చర్చి మలుపులో చిపా రొట్టెలమ్మే తెయోదోరా ఎదురైంది. నెత్తి మీద బుట్ట దించి, సెవెరోని దాటుకుని, ఎలోదియాకి కుడివైపు వచ్చి నిలబడి మాట మొదలుపెట్టింది. అది ఆమె కావాలని చేసినట్టు లేదు, కాళ్ళకి అలవాటైపోయిన దారిలా ఉంది. ఇంటి దగ్గర పక్కింటి పిల్ల కూడా అంతే. ఎలోదియా గేటు దగ్గరికి రాగానే అది కుడివైపుకి గెంతి, అమ్మమ్మా అని పిలిచింది. అయిదేళ్ళ పిల్లకి తెలుసు. వీధంతటికీ తెలుసు. సెవెరో గేటు గడియ వేశాడు.

లోపలికి వచ్చాక ఎలోదియా కర్రపెండలం చెక్కు తీయడానికి కూర్చుంది. అతను కుర్చీ తెచ్చి ఆమెకి కుడివైపు వేసుకున్నాడు. ఆమె కత్తి ఆపి అతని వంక చూసింది.

"నీకు ఎడమ చెవి వినపడదా?" అన్నాడు.

"వినపడదు" అందామె.

"నాకెందుకు చెప్పలేదు, ఎలో?"

"చెప్పాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ఆరేళ్ళ కిందటి చలికాలంలో మూడురోజులు జ్వరం, తల తిప్పడం. అది అతనికి గుర్తుంది. ఆమె అలిగి పడుకుందనే అనుకున్నాడప్పుడు. జ్వరం తగ్గాక చెవి పనిచేయలేదు. కకుపే పట్నానికి వెళ్ళి చూపించుకుంది, నరం పోయిందనీ ఇక రాదనీ డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ వారమే వీధిలో నీళ్ళ గొట్టాల కోసం తవ్వుతున్నారు. పొద్దున్నించీ సెవెరో ఆ మిషన్ చప్పుడు మీద, మేయరు మీద, మేయరు బావమరిది కాంట్రాక్టు మీద విరుచుకుపడుతున్నాడు. ఎలోదియా ఇంటికి వచ్చి అతని ఎదురుగా నిలబడి చెప్పింది.

"నువ్వేమన్నావో తెలుసా? 'అదృష్టవంతురాలివి. నాకు రెండూ పనిచేసి చస్తున్నాయి' అన్నావు."

సెవెరోకి తవ్వకం గుర్తొచ్చింది. మేయరు బావమరిది గుర్తొచ్చాడు. ఆ దుమ్ము, కొట్టులో తోళ్ళ మీద పేరుకున్న ఎర్రమట్టి, ఆ రోజు కుడుతున్న తొడుగు మీది పేరు కూడా గుర్తొచ్చింది. ఎలోదియా ఎదురుగా నిలబడటం మాత్రం గుర్తు రాలేదు. ఎంత వెతికినా ఆ చోట ఏమీ లేదు.

"నా మనసు తేలికపరచడానికి అన్నావేమో అనుకున్నాను" అందామె. "నవ్వాను కూడా. తర్వాత ఈస్టరప్పుడు ఇంకోసారి చెప్పాను. ఆఁ సరే అన్నావు. మూడోసారి చెప్పాలంటే నాకే సిగ్గేసింది, సెవెరో. మంచం మీద చోటు మార్చుకున్నది నీ మాట వినపడాలని. దానికీ దెబ్బలాడావు."

అతను లేచి కొట్టులోకి వెళ్ళాడు, అక్కడేం చెయ్యాలో తెలియక మళ్ళీ వంటింట్లోకి వచ్చాడు. ఇంకా ఏమేం చెప్పావు నాకు అని అడిగాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది. మిర్తా బ్యాంకు ఉద్యోగం మానేసి సొంతంగా కేకులు చేసి అమ్ముతోందంది. అది నాలుగు నెలల కిందటి మాట. తాను తీపి మానేసి రెండేళ్ళయిందంది. గురువారం విల్యారికా వెళ్తున్నానంది.

"ఏ గురువారం?"

"ఈ గురువారమే. ఒబ్దూలియా మోకాలికి ఆపరేషన్. నెలరోజులు నేనుండాలి. టికెట్ కొన్న రోజే చెప్పాను, వెళ్ళు వెళ్ళు అన్నావు."

ఒబ్దూలియా ఆమె అక్క. గురువారానికి మధ్య రెండు రోజులున్నాయి. 

సాయంత్రం అతను పోలీ ఇంటికి వెళ్ళాడు. అతనికి ఎవరి మీదైనా కోప్పడాలని ఉంది. స్నేహితుడివై ఉండి ఆరేళ్ళలో ఒక్కసారైనా చెప్పకపోయావేమని నిలదీశాడు. పోలీ అయోమయంగా చూశాడు. కుర్చీ తెచ్చి వేశాడు, తను మాత్రం కూర్చోలేదు.

"నీకు తెలుసనుకున్నాం" అన్నాడు.

"తెలిస్తే ఆ మాటలన్నీ అంటానా?"

పోలీ గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ, "తెలిసే అంటున్నావనుకున్నాం" అన్నాడు. "క్రిస్పీన్ వాళ్ళావిడ నీతో మాట్లాడటం ఎందుకు మానేసిందనుకున్నావు?"

ఆవిడ తనతో మాట్లాడటం మానేసిన సంగతే సెవెరోకి తెలియదు. వీధి దాటుతూ ఆరేళ్ళ పొద్దులు లెక్కపెట్టబోయి వదిలేశాడు. రోజూ తన కొట్టులో, తన కొమ్ములోని తెరెరే తాగుతూ, వాళ్ళిద్దరూ ఒక దుర్మార్గుడి మాటలు వింటున్నామనుకున్నారు. అయినా మర్నాడు కుర్చీలు లాక్కుని వచ్చారు. ఆ రెంటిలో ఏది ఎక్కువ భయంకరమో అతనికి తేలలేదు.

మంగళవారం పోలీ, క్రిస్పీన్ వచ్చారు కానీ సెవెరో పెద్దగా మాట్లాడలేదు. వేలికి కట్టుందని వంక పెట్టాడు. లోపల ఒక ఆలోచన మొలిచి గంటగంటకీ పెద్దదవుతోంది. తనకీ చెవులు సరిగ్గా లేవేమో. అలాగే అయ్యుంటుంది. ఇరవై రెండేళ్ళుగా సుత్తి దెబ్బల మధ్య కూర్చునే మనిషి. ఆమె చెప్పింది, తనకి వినపడలేదు. వినపడని మనిషిని ఎవరు తప్పుపడతారు? ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించింది.

బుధవారాల్లో ఆరోగ్య కేంద్రానికి రాజధాని నుంచి చెవుల డాక్టరమ్మ వస్తుంది. సెవెరో ఎలోదియాతో చెప్పకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆవిడ అతని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమంది. మొదట పెద్ద శబ్దాలు. తర్వాత చిన్నవి. ఆ తర్వాత దోమ దూరంగా పోతున్నట్టు, ఉందో లేదో తెలియనంత సన్నవి. అవి కూడా అతనికి శుభ్రంగా వినిపిస్తున్నాయి. కట్టులేని బొటనవేలు మీట మీద ఆగింది. నొక్కకపోతే చాలు. ఎవరికీ తెలియదు. ఒక శబ్దాన్ని అలాగే పోనిచ్చాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి నొక్కాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ నొక్కాడు.

డాక్టరమ్మ కాగితం చూసి సంతోషించింది. ఈ వయసులో ఇలాంటి చెవులు తాను చూడలేదనీ, ఇరవై ఏళ్ళ కుర్రాడికి కూడా ఇంతకన్నా బాగా వినపడదనీ అభినందించింది. ఇంకోసారి చూస్తారా అని అడిగాడు సెవెరో. అక్కర్లేదంది. అతను ఆ కాగితం పట్టుకుని వరండాలో బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. పక్కన ఎవరో ముసలాయన, రిపోర్టు బాగాలేదా అని జాలిగా అడిగాడు. బాగుందని చెప్పడానికి సెవెరోకి నోరు రాలేదు.

ఇంటికి వచ్చి కాగితం ఎలోదియాకి ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, అంకెలు చదివి, మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది. అతను క్షమించమన్నాడు. అది కుడివైపు నిలబడే అన్నాడు కానీ గొంతు పూర్తిగా పైకి రాలేదు. ఆమె గట్టిగా చెప్పమంది. గట్టిగా చెప్పాడు. ఎలోదియా అతని మొహంలోకి చూసి, సరేలే, ముందు అటక మీంచి నా పెట్టె దించు అంది.

రెండ్రోజుల్లో మనిషి మారిపోతాడా? గురువారం పొద్దున ఆమె కుళాయి సగం విప్పి వదిలేస్తే సెవెరోకి ఎప్పటిలాగే చిరాకేసింది. బస్సుకి గంటన్నర ముందే బయల్దేరదామంటే ఇంకా చిరాకేసింది, ఆ మాట అన్నాడు కూడా. ఆమె కూడా తగ్గలేదు. పెట్టె బరువు గురించి ఇద్దరూ దారి పొడుగునా వాదించుకున్నారు. ఆ వాదనలో ఆమె మాటలు ఎన్ని ఉంటాయో, ఎంత వేగంగా వస్తాయో చూసి అతను రెండుసార్లు తబ్బిబ్బయ్యాడు.

బస్సు కదలబోతోంది. ఎలోదియా కిటికీ అద్దం లోపల్నించి ఏదో చెప్పింది. అద్దం తెరుచుకోదు. సెవెరో చెయ్యి ఊపబోయాడు, నోట్లో సరే అన్న మాట అప్పటికే తయారుగా ఉంది. దాన్ని మింగి, తలుపు దగ్గరికి పరిగెత్తి, డ్రైవరు తిడుతున్నా వినకుండా లోపలికి ఎక్కి, సీట్ల మధ్య సంచులు దాటుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఏమన్నావు?"

ఆమెకి నవ్వొచ్చింది. జనమంతా చూస్తున్నారు.

"కుండలో ఉడికించిన చిక్కుడు గింజలున్నాయి. మధ్యాహ్నంలోపు ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులిసిపోతాయి అన్నాను."

"మధ్యాహ్నంలోపు" అన్నాడు సెవెరో.

"దిగు. నీ వల్ల బస్సు ఆగిపోయింది."

అతను దిగి ఇంటికి గబగబా నడిచాడు. దారిలో పోలీ పిలిచాడు, తెరెరే సిద్ధంగా ఉందట. కాస్సేపాగి వస్తానని, ముందు ఇంట్లో ఒక పనుందని చెప్పాడు సెవెరో.