బొమ్మ మొత్తం

“ఆ వేళ్ళొక్కటీ తీసెయ్యమ్మా, ఫోటో కడిగిన ముత్యంలా ఉంటుంది,” అన్నారు మావారు.

నేనప్పుడు ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాను. దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ ఇంట్లో నాకు రెండో మనిషి ఎప్పుడూ దొరకలేదు కాబట్టి, ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి మిగతాది చేతులతో లాక్కుంటూ మడవడం అలవాటైపోయింది. ఆ పద్ధతిలో పని చక్కగా అవుతుంది గానీ నోరు తెరవడానికి ఉండదు. తెరిస్తే దుప్పటి నేలపాలు. అందుకని ఊరుకున్నాను.

“ఈ వేళ్ళెవరివి తాతయ్యా?” అంది మనవరాలు. మా అమ్మాయి కూతురు. కాలేజీకి సెలవులిచ్చారని మా దగ్గరికొచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ కంప్యూటర్ ముందే కూర్చుంది.

“ఏమో, ఎవరివో! ఆ రోజుల్లో కెమెరాలు ఇప్పటిలా కాదు. అడ్డమైనవన్నీ పడుతుండేవి.”

నోరు తెరిచేశాను. దుప్పటి కింద పడింది.

“అవి నావి,” అన్నాను.

సంగతి మొదట్నుంచీ చెప్పాలి, మధ్యలోంచి చెప్పడం నాకు చేతకాదు. వచ్చే ఆదివారానికి మా పెళ్ళై యాభై ఏళ్ళు. ముందుగదికి కొత్తగా రంగు వేయించాం. పాత ఆల్బంలోంచి పన్నెండు ఫోటోలు ఎంచి, మళ్ళీ ఇంట్లోనే అచ్చు తీసి, ఫ్రేములు కట్టి ఆ గోడకి పెట్టాలని మావారి ముచ్చట. పిల్లలిద్దరూ వాళ్ళవాళ్ళతో వస్తారు, చూసి ఆహా అనాలి. మా అమ్మాయి తను వాడని చిన్న ప్రింటర్ పంపించింది. మనవరాలు పాత ఫోటోలన్నిటినీ ఫోనుతో తీసి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇక వాటిని తిప్పడానికీ, మరకలు తుడవడానికీ, వెలుతురు పెంచడానికీ సాఫ్ట్‌వేరని ఒకటి కావాలిట.

“అలాంటివి వందున్నాయి తాతయ్యా. ఎప్పుడో ఏడాదికోసారి నాలుగు ఫోటోలు అచ్చు తీసుకోవడానికి మీకు పెద్దపెద్దవి ఎందుకు? మూడు పెట్టి చూపిస్తా. ఒకటి ఉంచుకోండి, రెండు తీసేస్తా,” అంది.

“ఎంచడం నాకొదిలెయ్యి. ఫోటోలన్నీ తీసింది నేనేగా,” అన్నారాయన.

తీసింది ఆయనే, కాదనను. భూములు కొలిచే ఆఫీసులో పని. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు కెమెరా కొన్నారు. దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. “నీ చేతులెప్పుడూ తడే,” అనేవారు. నిజమే, తడే. ఎందుకు తడో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

అప్పుడు మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. ఏ గోడ చూసినా పెచ్చులు. పెచ్చులు లేనిచోట దండెం మీద బట్టలు, అవీ లేనిచోట గిన్నెలు. ఆయనకేమో ఫోటోలో వెనకాల తుడిచినట్టుండాలి. అందుకని పిల్లల్ని బల్లమీద కూర్చోబెట్టి, వెనక నేను స్టూలెక్కి, నీలం చారల దుప్పటి రెండు చేతులా పైకెత్తి పట్టుకునేదాన్ని. మొహమ్మీదంతా దుప్పటే. ఏం జరుగుతోందో కనబడదు, వినబడుతుంది అంతే. ఆయన “ఒకటి... రెండు...” అనేవారు. మూడు అనబోతూ “ఆగండాగండి, అద్దం తుడవాలి,” అని జేబురుమాలు తీసేవారు. తుడిచేవారు. వెలుతురుకి పెట్టి చూసేవారు. మళ్ళీ తుడిచేవారు. ఈలోగా నా భుజాలు కొయ్యబారిపోయేవి. “ఏమండీ, చేతులు లాగుతున్నాయి,” అంటే దుప్పటి అవతల్నుంచి మా అత్తగారు అందుకునేవారు. “దుప్పటి పట్టుకోడం కూడా ఒక పనేనా తల్లీ! నిన్నేమైనా కొండలు మొయ్యమన్నామా?” పాపం, ఆవిడున్న ఫోటోల్లో ఎంత నిండుగా నవ్వారో. ఆవిడ వెనకాలా నేనే.

ఒకసారి అడిగాను, “నేనూ ఒక దాంట్లో పడతానండీ,” అని. “నువ్వొస్తే దుప్పటెవరు పడతారే?” అన్నారు. కోపంగా కాదు, లెక్కల మాస్టారు లెక్క చెప్పినట్టు. నిజమే కదా అనుకుని నేనూ స్టూలెక్కేశాను. అలా అనుకున్నందుకే ఇప్పుడు నవ్వొస్తుంది నాకు.

అందుకని ఆ ఫోటోలన్నిటికీ పై అంచున అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది వేళ్ళు దుప్పటిమీంచి తొంగిచూస్తుంటాయి. పిట్టగోడమీద పిచ్చుకల్లాగ.

“నీవైతే మాత్రం ఏమిటే?” అన్నారు మావారు. “గోడకి పెట్టే ఫోటోలో వేళ్ళేమిటి? చూసేవాళ్ళేమనుకుంటారు? తీసెయ్యండి. నేను ఫ్రేములు తెస్తాను, ఈలోగా టీ పెట్టు.” చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నేను వంటగదివైపు తిరిగాను. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగింది. “టీ తర్వాత. ఇలా కూర్చో అమ్మమ్మా. తాతయ్య మౌసు పట్టుకుంటే బాణం ఎటుపోతోందో ఆయనకే తెలియట్లేదు. నేను వెళ్ళిపోయాక దీన్ని నడపాల్సింది నువ్వే. నడిపేవాళ్ళే ఎంచుకోవాలి.”

“నేనా? ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని.”

“ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కావుగా. దానికంటే తేలికే ఇది.”

తొక్కాను. ఎంతమంది బడిపిల్లల చొక్కాలో నా చేతిమీదుగా వెళ్ళాయి. ఇంట్లో మాత్రం దాన్నెవరూ పనిలో కలపలేదు. ఎవరైనా వస్తే “ఊరికే కూర్చోలేక ఏదో కుడుతుంటుంది,” అని చెప్పేవారు.

మొదటిది తెరిచింది. అమ్మో! సినిమాల్లో విమానం నడిపేవాడి ముందుంటాయే, అన్ని మీటలు. పైగా మన పేరేమిటి, పుట్టినరోజెప్పుడు, ఫోను నంబరెంత, రహస్యపు మాట ఏమిటి, ఆ మాటలో ఒక అంకె ఉందా, అని ప్రశ్నలు. మా అత్తగారు కూడా నన్ను చేసుకునేముందు ఇన్ని అడగలేదు. “దీనికి దణ్ణం, మూసెయ్యి,” అన్నాను.

రెండోది సోకులమారి. ఫోటో ఇలా పెట్టామో లేదో, అడక్కుండానే మొహాలకి మెరుగులు దిద్దేసింది. మా అత్తగారి ముడతలు మాయం, చెంపమీది పుట్టుమచ్చ మాయం. ఇరవై ఏళ్ళ పడుచైపోయారు. ఆవిడే ఉంటే మారుమాటాడకుండా దీన్నే ఎంచేవారు. దీన్లో చెరిపే కుంచె ఒకటుంది. దేనిమీద రుద్దితే అది పోయి, ఆ ఖాళీని అదే పూడ్చుకుంటుంది. మనవరాలు సరదాకి మా అబ్బాయి ఆరోనెల ఫోటో తెరిచింది. అప్పటికి వాడింకా కూర్చోలేడు. దుప్పటి ఒక కొస కిటికీ మేకుకి తగిలించి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టి, పక్కనుంచి చేతులు చాపి వాడి చంకల కింద పట్టుకున్నాను ఆ రోజు. మనవరాలు నాలుగుసార్లు రుద్దింది. నా చేతులు లేవు. నా చిట్టితండ్రి బల్లకి బెత్తెడు ఎత్తున గాల్లో తేలుతూ బోసినోటితో నవ్వుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఫ్రేములు పట్టుకుని ఆయన వచ్చారు. పన్నెండు చాలు కదా అంటే ఒకటి పగిలితే ఉంటుందని పదమూడు తెచ్చారు. తెర వైపు చూసి మురిసిపోయారు.

“చూశావా! ఆరోనెలకే ఎంత నిటారుగా కూర్చున్నాడో మావాడు. అంతా నా పోలికే.”

నేనూ మనవరాలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అది కుర్చీలోంచి జారిపోయింది, నాకు కళ్ళమ్మట నీళ్ళు.

“మామయ్య కూర్చోలేదు తాతయ్యా,” అంది నవ్వు మధ్యలో. “అమ్మమ్మ పట్టుకుంది. ఇప్పుడే చెరిపాను.”

ఆయన తెరకి దగ్గరగా వంగారు. “ఏదీ, చెరపకముందుది చూపించు.” చూపించింది. “సరే, ఇందులో చేతులు ఉండనీ. మిగతావాటిలో మాత్రం తీసెయ్యండి,” అన్నారు. ఒకటి వదిలారు. ఇంకా పదకొండున్నాయి.

మూడోది చిన్నది. నాలుగే మీటలు: తిప్పు, కత్తిరించు, వెలుతురు, అచ్చు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పెద్దపెద్ద ఇళ్ళలో తిరిగొచ్చి మన వంటింట్లో దీపం వేసుకున్నట్టుంది. నేనే మౌసు పట్టుకుని, ఒంకరగా ఉన్న ఫోటో తిప్పాను. చీకటిగా ఉంటే వెలుతురు పెంచాను. అచ్చు అన్నదాన్ని నొక్కాను. ప్రింటర్ కుయ్యోమొర్రోమని కాగితం బయటికి నెట్టింది.

చూద్దును కదా, వేళ్ళు లేవు! ఎవరూ చెరపలేదు, కుంచె లేదు, ఏం లేదు. ఫోటో పైనా కిందా చక్కా కోసేసి ఉంది.

“ఆ! ఇదీ ఫోటో అంటే,” అన్నారు మావారు.

“ఏం చేశావే దీన్ని?” అన్నాను మనవరాలితో.

“నేనేం చెయ్యలేదు. పాత ఫోటోల ఆకారం వేరు, ఈ కాగితం ఆకారం వేరు. కాగితం నిండా రావాలంటే అంచులు పోతాయి అమ్మమ్మా. అన్నీ ఇంతే, చెప్పకుండానే కోసేస్తాయి.”

నాకు ఒళ్ళు మండింది. కొలతలు అడక్కుండా కత్తెర పెట్టే దర్జీకి ఎవరైనా బట్టలిస్తారా? కుట్టుకని అరంగుళం వదలందే నేనెప్పుడూ కత్తెర ఆడించలేదు. “కొయ్యకుండా వచ్చే దారి ఉందా లేదా, అది చెప్పు. అది ఉన్నదే ఈ ఇంట్లో ఉంటుంది,” అన్నాను.

వెతికింది. సోకులమారిలో ఆ దారే లేదు. విమానంలాంటి ఆ మొదటిదాన్లో ఉందిట, ఏడు తలుపులు తెరుచుకుని వెళ్ళాలి. చిన్నదాన్లో మాత్రం అచ్చు మీట కింద ఎదురుగానే రెండు గడులున్నాయి. మనవరాలు తెలుగు చేసి చదివింది: “ఒకటి కాగితం నిండా. ఇంకోటి బొమ్మ మొత్తం.”

రెండోది నొక్కాను. ఈసారి ఎనిమిది వేళ్ళూ వచ్చాయి. అటూ ఇటూ మాత్రం తెల్లటి పట్టీలు మిగిలాయి.

“ఆ తెలుపేమిటే అసహ్యంగా? కాగితం దండగ,” అన్నారాయన.

నేను పాత ఆల్బం తెచ్చి ఆయన ముందు తెరిచాను. “ఇది చూడండి. చూపుడువేలికి గుడ్డకట్టు. మీ ఆఫీసరు భోజనానికొచ్చిన రోజు కాలింది. ఇది చూడండి, మధ్యవేలికి కుట్టేటప్పుడు పెట్టుకునే టోపీ. బడి తెరిచే ముందు చొక్కాల హడావిడి, తీసి పక్కన పెట్టేంత తీరిక కూడా లేదు. ఇక్కడ దారం కట్టుంది, మీ అమ్మగారి మందు వేళ మర్చిపోకుండా. ఇక్కడ పిండి.” ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. నా మొహం ఒక్క దాంట్లోనూ లేకపోయినా, ఏ ఏడు నేనెలా ఉన్నానో ఆ వేళ్ళు చూసి చెప్పగలను.

“ఇవి మరీ చిన్నగా ఉన్నాయే?” అంది మనవరాలు. మా అబ్బాయి కొత్త చొక్కాతో ఒంటరిగా నిలబడ్డ ఫోటో అది.

“అవి నావి కావు. నాకు జ్వరమొచ్చి లేవలేకపోయాను. దుప్పటి మీ అమ్మ పట్టుకుంది. తొమ్మిదేళ్ళు దానికి.”

అది ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. “ఇందులో నువ్వెందుకు లేవమ్మా అని అమ్మని ఎన్నోసార్లు అడిగాను. గుర్తులేదు అనేది.” మావారు కూడా ఆ ఫోటో అందుకుని చూశారు. “నేను దాన్ని పిలవలేదూ ఆ రోజు?” అన్నారు నెమ్మదిగా.

“పిలిచారు. దుప్పటి పట్టుకోమని.”

మిగతా రెండు సాఫ్ట్‌వేర్లూ తీసెయ్యమని చెప్పాను. పన్నెండు ఫోటోలూ నేనే అచ్చు తీశాను, ఒక్కోసారీ ‘బొమ్మ మొత్తం’ నొక్కి. ఆయన్ని అడగలేదు. ఆయనే ఒక్కోటీ ఫ్రేములో పెట్టి, తెల్లపట్టీ నలగకుండా అద్దం బిగించారు. ఒక ఫ్రేము మిగిలింది.

“ఇది అటకమీద పెట్టనా?” అన్నారు.

“వద్దు. అందులో నేనుంటాను. ఒక్కదాన్నే. వెనకాల దుప్పటి ఉండాలి.”

“గోడ కొత్తగా ఉందిగా, దుప్పటెందుకే ఇంకా?”

“నాకు దుప్పటే కావాలి. మీరు పట్టుకోండి.”

ఆయన మనవరాలి వైపు చూశారు. అది ఫోను తుడుచుకుంటోంది. కిందపడి ఉన్న దుప్పటి తీసి, దులిపి, నా వెనక్కి వెళ్ళి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ముందు నా చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పట్టుకోడానికి ఏమీ లేదు వాటికి. చివరికి ఒళ్ళో పెట్టుకున్నాను. హాయిగానే ఉంది.

“ఒకటి,” అంది మనవరాలు. “రెండు...”

“తొందరగా కానీవే, చేతులు లాగుతున్నాయి,” అన్నారాయన దుప్పటి వెనకనుంచి.

అది నోరు తెరిచి మూడు అనబోయింది.

“ఆగవే ఆగు,” అన్నాను. “కళ్ళజోడు తుడుచుకోవాలి.”